సర్వజ్ఞుడి పెన్సిలు

లైబ్రరీ పుస్తకాల్లో పెన్సిలుతో రాసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. పెన్నుతో రాసేవాళ్ళ మాట అసలు ఎత్తకండి, వాళ్ళని తలుచుకుంటే ఆ పూట నాకు తిండి సహించదు. నేను పనిచేసేది లైబ్రరీలో మరమ్మతు గదిలో. చిరిగిన పేజీలు అతికిస్తాను, ఊడిన కుట్లు మళ్ళీ కుడతాను, అట్టలు మారుస్తాను, మహానుభావులెవరో పక్కన గీకిన రాతల్ని రబ్బరు పెట్టి చెరుపుతాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. నా బొటనవేలి మీద ఎండిన బంక ఇక ఈ జన్మకి వదిలేలా లేదు.

"ఇన్ని పుస్తకాలు నీ చేతిమీదుగా పోతాయి కదా, అన్నీ చదివేసి ఉంటావు" అంటారు తెలిసినవాళ్ళు. నేను చదివేది చిరిగిన పేజీలు మాత్రమే. పుస్తకానికి ఎక్కువగా చిరిగేవి మొదటి పేజీలూ చివరి పేజీలూ. కాబట్టి వెయ్యి కథలు ఎలా మొదలయ్యాయో, ఎలా ముగిశాయో గడగడా చెప్పేస్తాను. మధ్యలో ఏం జరిగిందో మాత్రం నన్ను అడగకండి.

నిజంగా చదివిన మనిషంటే మా లైబ్రరీలో ఒక్కరే, గడియారాల బాబాయి. నాకు చుట్టం కాదు, అందరికీ బాబాయే. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసి, కళ్ళకి ఆపరేషన్ అయ్యాక కొట్టు మూసేశారు. కొట్టు ఉన్న రోజుల్లోనే రోజూ మధ్యాహ్నం రెండు గంటలు వచ్చి చదివేవారట. ఇప్పుడు పొద్దున తొమ్మిదికి వస్తే సాయంత్రం తలుపులు మూసేదాకా కదలరు. భార్య పోయి పదకొండేళ్ళయింది. ఇంట్లో ఉన్నది ఆయనా, ఆయన అక్కగారూ. ఆ అక్కగారు ఒకసారి నాతో కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది: "వాణ్ణి మీ లైబ్రరీలోనే ఉంచుకోండమ్మా. ఇంట్లో ఉంటే నడుస్తున్న గడియారాలు కూడా విప్పేస్తాడు."

ఆయన చదివే పద్ధతి వేరు. ఈ పుస్తకం బాగుంటుందా, ఆ పుస్తకం బాగుంటుందా అని ఎవర్నీ అడగరు. మొదటి బీరువా, మొదటి అర, ఎడమ చివర నుంచి మొదలుపెట్టి వరుసగా చదువుకుంటూ పోతారు. తేనెటీగలైనా సరే, తాళాల తయారీ అయినా సరే, ప్రేమకథ అయినా సరే. కన్ను ఆనించి చూసే గడియారపు బుడ్డి అద్దం ఒకటి ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది. అక్షరం చిన్నదైతే దాన్ని కంటికి బిగించుకుంటారు. అలా ఒంటికన్నుతో పుస్తకం మీదకి వంగి ఉంటే, చిన్నపిల్లలు నా గది దాకా పరుగెత్తుకొచ్చి "ఆయన పుస్తకం రిపేరు చేస్తున్నారా?" అని అడుగుతారు.

ఈ మధ్య ఆయన ఆరో బీరువా దగ్గరికి వచ్చారు. వచ్చిన మూడో రోజున నా గదిలోకి దూసుకొచ్చి, పుస్తకాన్ని బల్ల మీద ఠపీమని పెట్టారు.

"చూడమ్మా, ఎవడో బుద్ధిలేనివాడు! ప్రతి పేజీలోనూ రాశాడు. రాస్తే రాశాడు, ఆ రాతలు చూడు!"

చూశాను. తేనెటీగల పుస్తకం. తేనెటీగ తన తుట్టెకి తిరిగి దారి ఎలా పట్టుకుంటుందో పూర్తిగా తెలియదని రాసిన చోట, పక్కనే చీమ తలకాయంత అక్షరాలతో పెన్సిలు రాత: "సూర్యుణ్ణి చూసి! ఈ మాత్రం తెలియదా!" ఆ చివరి మాట కింద రెండు గీతలు. ఇంకో పేజీలో "ఇది నాకు ముందే తెలుసు." మరో చోట "తప్పు." ఎందుకు తప్పో లేదు, ఉత్త తప్పు. పేజీ తిప్పితే చాలు, ఈ మాత్రం తెలియదా, ఈ మాత్రం తెలియదా అని ఒకటే గోల.

"ఇంత పొగరేంటమ్మా వీడికి? పుస్తకం రాసినాయన పదేళ్ళు తేనెటీగల వెంట తిరిగి, నాకు తెలియదని నిజాయితీగా ఒప్పుకుంటే, వీడు కుర్చీలో కూర్చుని తెలుసంటాడు. సర్వజ్ఞుడు!" అన్నారు బాబాయి. ఆ పేరు స్థిరపడిపోయింది. ఆ రోజు నుంచి ఆ అజ్ఞాత రచయిత మా ఇద్దరికీ సర్వజ్ఞుడే.

ఆరో బీరువాలో ఏ పుస్తకం తీసినా సర్వజ్ఞుడు ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. బాబాయికి రక్తం మరిగిపోయింది. మా కొత్త లైబ్రేరియన్ మేడమ్ వచ్చి ఆరు నెలలే అయింది. వయసు చిన్నది, పట్టుదల పెద్దది. ఆమె దగ్గర కూర్చుని బాబాయి ఒక కొత్త నిబంధన రాయించారు. పుస్తకాల్లో రాసినవారి సభ్యత్వం ఏడాది రద్దు అని ఆమె రాయబోతే, "ఏడాదేంటి మేడమ్, శాశ్వతంగా అని రాయండి" అన్నారు. ఆమె అలాగే రాసి, సంతకం పెట్టి, గుమ్మం పక్కన అంటించింది. మా దగ్గర కార్డు లేనివాళ్ళు గుమ్మం దాటడానికి లేదు. అంటే శాశ్వతంగా వీధిలోనే.

అక్కడితో ఆగితే బాగుండేది. బాబాయి సర్వజ్ఞుడికి జవాబులు రాయడం మొదలుపెట్టారు. పుస్తకంలో కాదు లెండి, ఆయన అంత పని చెయ్యరు. చీటీల మీద లావుపాటి స్కెచ్ పెన్నుతో, ఆపరేషన్ తర్వాత అలవాటైన ఆ పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, ఆ పేజీలో పెట్టేవారు. నేను ఆ చీటీలు తీసి ఖాళీ బంక డబ్బాలో దాచేదాన్ని. పారెయ్యబుద్ధి కాలేదు. ఒక కథలో ఒకామె తన గుర్రాన్ని అమ్మేస్తుంది. సర్వజ్ఞుడు: "తెలివితక్కువది." బాబాయి చీటీ: "అయ్యా, ఆమె స్థితి మీకు ఎప్పుడూ రాలేదు. నాకూ రాలేదు. కాబట్టి మనిద్దరం నోరు మూసుకుందాం." చీటీ చదివి నేను బంక చేతులతోనే నవ్వాను, పేజీకి మరక అంటింది. మళ్ళీ దాన్ని తుడిచే పని నాకే.

"ఒక్క విషయం మాత్రం వింతగా ఉందమ్మా" అన్నారు ఒకరోజు. "ఈ బీరువాలో పుస్తకాలు ఎంత తేలిగ్గా బుర్రకెక్కుతున్నాయో! ఎక్కడో విన్నట్టు, తెలిసిన దారిలో నడుస్తున్నట్టు ఉంది."

"వయసు పెరిగినకొద్దీ తెలివి పెరుగుతోందేమో బాబాయిగారూ" అన్నాను. నా బుర్రకి అంతకన్నా తట్టలేదు.

బుధవారం పొద్దున మా ఇంట్లో గోడ గడియారం ఆగిపోయింది. మా అత్తగారిది అది. కీ ఇచ్చినా కదల్లేదు. విసుగొచ్చి దించి, వెనక చెక్క తలుపు తీశాను. లోపల ఒక కాగితం ముక్క అంటించి ఉంది. గడియారాలు బాగుచేసేవాళ్ళు కొందరు ఏం చేశారో, ఎప్పుడు చేశారో అలా లోపల రాసిపెడతారు. తేదీ చూస్తే ఇరవై రెండేళ్ళ కిందటిది. దాని కింద చీమ తలకాయంత అక్షరాలు: "నూనె వేశాను. కీ కుడివైపుకే తిప్పాలి. ఎడమవైపు తిప్పి గడియారం మంచిది కాదనకండి. ఈ మాత్రం తెలియదా!" చివరి మాట కింద రెండు గీతలు.

ఆ రోజుల్లో మా వీధులన్నిటికీ గడియారాలు బాగుచేసిన మనిషి ఒక్కడే.

అప్పుడు అన్నీ ఒక్కొక్కటిగా అర్థమయ్యాయి. తొమ్మిదేళ్ళ కిందట లైబ్రరీ పైకప్పు కారి ఆరువందల పుస్తకాలు తడిసిపోతే, వాటన్నిటినీ విప్పి ఆరబెట్టి, అన్నిటికీ ఒకే నీలం గుడ్డ అట్టలు కట్టింది ఎవరు? నేనే. పాత అట్టలు పారేసింది ఎవరు? నేనే. ఆ హడావిడిలో పేజీల పక్కన రాతలు చూసే తీరిక నాకెక్కడిది? బీరువాలు కూడా అటూ ఇటూ జరిగి, అప్పట్లో రెండోది ఇప్పుడు ఆరోదయింది. బాబాయి ఎప్పుడో వయసులో చదివేసిన బీరువాని, కొత్త చీర కట్టిన పాత చుట్టాన్ని పోల్చుకోలేనట్టు, పోల్చుకోలేక మళ్ళీ మొదటినుంచి చదువుతున్నారు. తన రాతని తనే తిడుతున్నారు. పైగా తన గొయ్యి తనే తవ్వుకుని, శాశ్వతంగా అని సంతకం కూడా పెట్టించుకున్నారు.

సొంత చేతిరాత గుర్తుపట్టలేరా అంటారా? ఆ చీమ అక్షరాలు రాసిన చెయ్యి ఇప్పుడు వణుకుతుంది, ఆ కళ్ళూ ఇప్పుడు లేవు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పొగరు లేదు. తనకి లేని పొగరుని తనదని ఎవరు అనుకుంటారు?

ఆ రోజు లైబ్రరీలో అడుగుపెడుతూనే మేడమ్ పిలిచింది. "ఆ రాతలున్న పుస్తకాలు నలభై నా అల్మారాలో పెట్టి తాళం వేశాను. శనివారం అందరి దరఖాస్తు ఫారాలూ బయటికి తీసి చేతిరాతలు పోల్చి చూద్దాం. పాఠకుల సంఘం పెద్దల్ని కూడా రమ్మన్నాను. ఫిర్యాదు చేసింది ఆయనే కాబట్టి గడియారాల బాబాయిగారిని ముందు వరుసలో కూర్చోబెట్టండి."

పదిమంది ముందు, ముందు వరుసలో! ఆ మనిషి తట్టుకోగలడా? ఒకవేళ తట్టుకున్నా, సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఎక్కడికి వెళతాడు?

నా చేతిలో ఉన్న ఉపాయం ఒక్కటే, రబ్బరు. గురువారం మిగిలిన పుస్తకాలు ముందేసుకుని ఊపిరి సలపకుండా చెరపడం మొదలుపెట్టాను. నాలుగో పుస్తకంలో ఉండగా బాబాయి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏంటమ్మా నువ్వు చేస్తున్న పని? దానికి నేను ఇంకా జవాబు రాయలేదు!"

"బాబాయిగారూ, ఎందుకొచ్చిన గొడవ? ఎవరో పాపం, తెలిసీ తెలియని వయసులో రాసుంటాడు. వదిలేద్దాం."

"వదలడమా! వాడి కార్డు పోవాల్సిందే." కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాసేపటికి గొంతు తగ్గించి, "కానీ పోయేముందు వాడితో ఒక గంట కూర్చుని మాట్లాడాలని ఉందమ్మా. నిన్న ఒకటి చదివాను" అన్నారు.

ఆ పుస్తకం తెరిచి చూపించారు. భార్య పోయినాయన ఒకడు, గుమ్మం దగ్గర ఆమె చెప్పులు ఏడాది దాకా తియ్యలేకపోతాడు. పక్కన సర్వజ్ఞుడు: "అతిగా రాశాడు. ఈ మాత్రం తట్టుకోలేడా!" బాబాయి చీటీ అక్కడే ఉంది: "అయ్యా, తక్కువే రాశాడు. మా గుమ్మంలో నాలుగేళ్ళు ఉన్నాయి."

నేను పుస్తకం మూసి, గోడవైపు తిరిగి, బంక కలుపుతున్నట్టు నటించాను. ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

మేడమ్ అల్మారాలో నలభై పుస్తకాలు తాళం కింద ఉండగా నా రబ్బరు ఏం సాధిస్తుంది? దొరకడం ఖాయం. పదిమందిలో వినేకన్నా ముందే తెలియడం మంచిది. కానీ నేను చెప్పలేను. నోరున్న మనిషినే, ఆ మాటకి మాత్రం నోరు పెగల్లేదు. గడియారమే చెప్పనీ అనుకున్నాను.

శుక్రవారం దాన్ని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. "ఆగిపోయింది బాబాయిగారూ, కొంచెం చూస్తారా?" అని నా బల్ల మీద పెట్టాను. ఆయన మొహం వెలిగిపోయింది. బుడ్డి అద్దం కంటికి బిగించి, వెనక తలుపు తీశారు.

చదివారు. కదల్లేదు. మళ్ళీ చదివారు.

"ఇది నేను రాసిందే" అన్నారు మెల్లగా.

"అవునండీ."

పక్కనే ఉన్న తేనెటీగల పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నారు. ఆ కాగితం చూశారు, ఈ పేజీ చూశారు. అద్దం తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. కప్పులో టీ చల్లారిపోయింది.

ముందు ఆయన భుజాలు కదిలాయి. అయ్యో అనుకుని లేచాను. ఏడవడం లేదు, నవ్వుతున్నారు! కళ్ళలో నీళ్ళు తిరిగేలా, దగ్గొచ్చేలా నవ్వారు. "ఒరేయ్ సర్వజ్ఞా, నువ్వట్రా!" అని బల్ల గుద్దారు. పఠనశాలలో ఎవరో ష్ ష్ అన్నారు. ఆయన ఆగలేదు, నేనూ ఆగలేకపోయాను.

నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకున్నారు.

"అమ్మాయ్, వీడికి ఎన్ని తెలుసనుకున్నావు? సూర్యుడి సంగతి వీడికెలా తెలుసు? వెనక అరలో ఉన్న ఇంకో పుస్తకంలో చదివి, పుట్టుకతోనే తెలిసినట్టు ఇందులో కోతలు కోశాడు. నాకు బాగా గుర్తు, ఆ వయసులో ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే వాళ్ళు పూర్తిచేసే లోపే జవాబు చెప్పేవాణ్ణి. మా ఆవిడ అనేది, మీరు వినరండీ అని."

"మరి ఇప్పుడు ఎలా మారారు?"

"ఏమో. మధ్యలో చదివిన మూడు బీరువాలున్నాయి కదా" అన్నారు.

కార్డు తీసి చేతిలో పట్టుకుని లేచారు. నేను చెయ్యి పట్టుకున్నా ఆగలేదు. వెంట పడ్డాను, పోతూ పోతూ నా బంక డబ్బా చంకలో పెట్టుకున్నాను.

మేడమ్ అంతా విని నోరెళ్ళబెట్టింది. బాబాయి కార్డు ఆమె ముందు పెట్టారు. "రూల్ రూలేనమ్మా. రాయించింది నేనే. నాకోసం మారిస్తే రేపు అందరికోసం మార్చాలి." మాట గట్టిగానే చెప్పారు కానీ వేళ్ళు మాత్రం కార్డుని వెంటనే వదల్లేదు.

నాకు కోపం ముంచుకొచ్చింది. "ఏం రూలండీ? రాసింది ఈయన కాదు!" అని అరిచాను.

"నేనేనమ్మా" అన్నారు బాబాయి.

"మీరు ఊరుకోండి! మేడమ్, ఆ రాసినవాడు వేరే మనిషి. ఈయన వాడితో నెల రోజులుగా పోట్లాడుతున్నారు. కావాలంటే చూడండి." డబ్బా మూత తీసి చీటీలన్నీ ఆమె బల్ల మీద గుమ్మరించాను. బంక వాసన గుప్పుమంది.

మేడమ్ ఒక్కొక్క చీటీ చదివింది. గుర్రం చీటీకి నవ్వింది. చెప్పుల చీటీ దగ్గర చాలాసేపు ఆగింది. చివరికి కార్డు తీసుకుని, కత్తెరతో నిలువునా రెండు ముక్కలు చేసింది.

బాబాయి తల వంచుకున్నారు.

"పుస్తకాల్లో రాసినాయన సభ్యత్వం శాశ్వతంగా రద్దు" అంది మేడమ్. తర్వాత సొరుగు లాగి తెల్లటి ఫారం ఒకటి ఆయన ముందుకు జరిపింది. "కొత్తగా చేరాలనుకునేవాళ్ళు ఇది నింపాలండీ. చెరిపే పని కూడా కొత్త సభ్యుడిదే, మరమ్మతు గదిలో ఈవిడ బల్ల దగ్గర కూర్చుని."

ఆయన పాత ఫారాన్ని నేను ఆ రోజే వెతికి తీయించాను, కుతూహలం ఆపుకోలేక. "మీకు బాగా తెలిసిన విషయాలు" అన్న గడిలో చీమ అక్షరాలతో ఒకే మాట: "అన్నీ." కొత్త ఫారంలో అదే గడి దగ్గర బాబాయి ఇరవై నిమిషాలు ఆగారు. పెన్ను మూత పెట్టారు, తీశారు. ఆఖరికి "గడియారాలు" అని రాశారు. మేడమ్‌కి ఇవ్వబోయి మళ్ళీ వెనక్కి తీసుకుని, పక్కన "చాలావరకు" అని చేర్చారు.

శనివారం సమావేశం జరగలేదు. ఇప్పుడు రోజూ పొద్దున గంటసేపు ఆయన నా బల్లకి అటువైపు కూర్చుని రబ్బరు రుద్దుతారు. మొదట్లో మరీ గట్టిగా రుద్ది రెండు పేజీలు చింపారు. "పేజీ మీద కోపం చూపిస్తారేంటి, మెల్లగా!" అని కసిరాను. ఇప్పుడు చెయ్యి తిరిగింది. రాత చెరుపుతూ ఆ పేజీ కూడా చదువుకుంటారు కాబట్టి పని సాగదు, అది వేరే సంగతి. అప్పుడప్పుడు ఆ పేజీ నాకూ చదివి వినిపిస్తారు. అలా నాకు మధ్యలో జరిగే కథలు కూడా కొంచెం కొంచెం తెలుస్తున్నాయి.

నిన్న ఒక పుస్తకం దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. సముద్రపు ఆటుపోట్ల గురించిన పుస్తకం. నేను వంగి చూశాను. పేజీ అంచున అవే అక్షరాలు, కానీ కింద గీతలు లేవు: "అర్థం కాలేదు. మళ్ళీ చదవాలి."

"నలభై ఎనిమిది పుస్తకాలయ్యాయమ్మా ఇప్పటికి. వీడు ఈ మాట రాసింది ఇక్కడొక్కచోటే" అన్నారు. రబ్బరు పక్కన పెట్టేశారు. "దీన్ని ఉండనియ్యి. వీడు బాగుపడతాడని నాకు నమ్మకం కలిగింది ఇక్కడే."

రూలు గుర్తొచ్చింది, మేడమ్ గదివైపు ఒకసారి చూశాను. చూసి ఊరుకున్నాను.

"మరి మళ్ళీ చదివారు కదా, ఇప్పుడు అర్థమైందా?" అని అడిగాను.

"ఎక్కడమ్మా!" అన్నారు బాబాయి, కళ్ళు మెరుస్తుండగా బుడ్డి అద్దం కంటికి బిగించుకుంటూ. "పొద్దుటినుంచి ఇది మూడోసారి."